ఒగ్గీకు!

చెయ్యి మౌస్ మీద ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు. చుట్టూ బారులు తీరిన ఓడల్లో తనవాళ్లంతా దారి ఎప్పుడు తెరుచుకుంటుందా అని కాచుకుని ఉన్నారు. 2013 జనవరి 26, 27 తేదీల నడిమి వేళ. ఆ పైలట్ నడుపుతున్నది లెవయతాన్ అనే టైటాన్. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో టైటాన్‌ను మించిన ఓడ లేదు. పొడవు పది కిలోమీటర్ల పైమాటే. మా శ్రీకూర్మం గుడి దగ్గర దాని తోక ఆనిస్తే ముక్కు శ్రీకాకుళం పొలిమేర దాకా పోతుంది.

అంత పెద్ద ఓడను ఎవరూ ఊరికే పోరులోకి దించరు. ఆ రాత్రి దాని పని వంతెన వెయ్యడం. అసకాయ్ అనే నక్షత్రం దగ్గర స్నేహితుల చిన్న దండు ఒకటి పోట్లాటలో ఉంది. అక్కడున్న తోటి పైలట్ ఒక దీపం లాంటిది వెలిగిస్తాడు. ఆ వెలుగును గురి చూసుకుని ఇక్కడ టైటాన్ వంతెన తెరుస్తుంది. చిన్న ఓడలన్నీ దాని మీదుగా ఒక్క ఉదుటున అసకాయ్ చేరతాయి. టైటాన్ మాత్రం ఇంటి దగ్గరే భద్రంగా ఉంటుంది.

మౌస్ కుడి మీట నొక్కితే చిన్న జాబితా తెరుచుకుంటుంది. అందులో ‘బ్రిడ్జ్’ ఉంటుంది, ‘జంప్’ ఉంటుంది. మొదటిదానికి అర్థం, వాళ్లను పంపు. రెండోదానికి, నువ్వే పో.

అతను జంప్ నొక్కాడు.

తెర మీద వెలుగు విచ్చుకుని సర్దుకుంది. చూస్తే ఎదుట శత్రువుల ఓడలు. తనవాళ్లు కాంతి సంవత్సరాల అవతల, తాను వదిలి వచ్చిన చోటే నిలబడి ఉన్నారు. వెనక్కి దూకేద్దామంటే కుదరదు. ఒక్క దూకుడుకే ఓడలో నిలవున్న విద్యుత్తు చాలావరకు ఖర్చైపోతుంది. అది మళ్లీ నిండాలంటే నిమిషాలు పడుతుంది. ఎదుటివాళ్లకు కావలసింది ఆ నిమిషాలే.

వాళ్లకు ముందు కావలసింది ఫిరంగి కాదు, పట్టు. హెవీ ఇంటర్‌డిక్టర్ అనే ఓడ ఉంటుంది. టైటాన్ పక్కన పెడితే ఏనుగు కాలి దగ్గర చీమ. దాని నుంచి వచ్చే కిరణం తగిలి ఉన్నంతసేపూ టైటాన్ ఎక్కడికీ పోలేదు. మామూలు ఓడల్ని కట్టేసే పరికరాలు టైటాన్‌కు ఆనవు, అసకాయ్ లాంటి చోట ఈ కిరణం ఒక్కటే ఆనుతుంది. చీమ ఏనుగు కాలిని కరిచి పట్టుకుంది. ఇక తక్కినవాళ్లు తీరిగ్గా రావచ్చు.

ఈ కథ ఎన్నిసార్లు చదివినా నా మనసు ఆ చీమ దగ్గరే ఆగిపోతుంది. తప్పు నొక్కిన పైలట్ గురించి అప్పట్లో ఇంగ్లిష్ పత్రికలు కూడా రాశాయి. పట్టుకున్నవాడి గురించి రాసినట్టు నాకు కనబడలేదు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. టైటాన్ చిక్కిందన్న కబురు క్షణాల్లో అన్ని దండుల చెవిన పడింది. ఆ పైలట్ సీఎఫ్‌సీ అనే కూటమివాడు. తనవాడిని విడిపించుకుందామని కూటమి ఉన్నదంతా తెచ్చి దించింది. ఎదుట పాండెమిక్ లీజియన్, దాని నేస్తాలు తమ పెద్ద ఓడలు దించారు. ఏ పక్షమూ కానివాళ్లు కూడా దొరికినంత దండుకుందామని వచ్చిపడ్డారు. ఇంచుమించు 3 వేల మంది ఒకే చోట చేరేసరికి సర్వర్ బరువు మొయ్యలేక కాలాన్నే సాగదీసింది. అది ఆ ఆటలో ఉన్న ఏర్పాటే. రద్దీ ఎక్కువైతే ఒక్క సెకను పది సెకన్లవుతుంది. గుండు పేలడానికి, తగలడానికి మధ్య మంచినీళ్లు తాగి రావచ్చు. అంత నిదానంగా, కళ్లముందే, 3 టైటాన్లు కాలిపోయాయి.

* * *

ఈ ఆట నాకు పరిచయం చేసింది మా మేనల్లుడు. విశాఖపట్నంలో చదువుకుంటాడు. సంక్రాంతికి వచ్చి కనుమ నాటి రాత్రి ల్యాప్‌టాప్ తెరిచాడు. మా ఇల్లు గుడికి దగ్గర. గుడి తలుపులు మూసేశారు, వీధి సద్దుమణిగింది. చీకటి తెర మీద చుక్కలు, ఆ చుక్కల మధ్య తుప్పు రేకులు అతికినట్టున్న చిన్న ఓడ. దాని పేరు రిఫ్టర్.

“ఇదెవరిది?” అన్నాను.

“నీదే మావయ్యా. నీ పేరు మీదే తెరిచినాను.”

2016 నవంబరు నుంచి ఈ ఆటలో డబ్బు కట్టకుండానే అడుగుపెట్టవచ్చు. పెట్టడం వరకే తేలిక. 2003 మే 6న ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ అనే సంస్థ దీన్ని లోకంలోకి వదిలింది. అంతకుముందు ఈ ఆట తయారీకి డబ్బు కూడబెట్టడం కోసం ఆ సంస్థ కుర్రాళ్లు ఒక అట్టబల్ల ఆట అచ్చువేసి అమ్ముకున్నారు. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తన సేకరణలోకి మొదటి విడతగా తీసుకున్న 14 వీడియో ఆటల్లో ఇదొకటి. అవన్నీ తర్వాత తెలుసుకున్నాను. ఆ రాత్రి తెలిసింది ఒక్కటే. ఇక్కడ పోయిన ఓడ పోయినట్టే. మిగతా ఆటల్లో చచ్చినవాడు మళ్లీ అదే కత్తి పట్టుకుని లేస్తాడు. ఇక్కడ మనిషి లేస్తాడు, ఓడ లేవదు. ఓడ పేలితే పైలట్ చిన్న గుడ్డులాంటి గూటిలో బయటపడతాడు. ఆ గూడూ పేలిస్తే ఎక్కడో స్టేషన్‌లో కొత్త ఒంటితో కళ్లు తెరుస్తాడు. ఓడకు బీమా కట్టి ఉంటే కొంత సొమ్ము చేతికొస్తుంది. మిగిలిందంతా నష్టమే. శకలాల్లో ఏమైనా మిగిలితే అది ముందు అందుకున్నవాడిది.

అందుకే అల్లుడు మొదట చెప్పిన పాఠం గురి గురించి కాదు.

“ఈ షిప్పు పోనాదనే అనుకో మావయ్యా. పోనాదనుకున్నాకే ఎక్కు.”

పోగొట్టుకోలేనిదాన్ని ఎక్కొద్దు అన్నది ఈ ఆట ఆడేవాళ్లంతా కొత్తవాళ్లకు చెప్పే మాట. మా వాడి నోట అది మా వేపు నుడిలో వినగానే నాకు సముద్రం గుర్తొచ్చింది. గార మండలంలో మా తీరం వెంట వేటకు పోయేవాళ్లు తెప్ప నీళ్లలోకి తోసేముందు కాసేపు మాటాడరు. పోయేదేదో, తెచ్చుకునేదేదో ఆ కాసేపట్లోనే లెక్క వేసుకుంటారనిపిస్తుంది.

రెండో పాఠం చూపు. ఆకాశంలో భద్రమైన చోట్లు, భద్రత పలచబడ్డ చోట్లు, పోలీసే లేని చోట్లు అని మూడు రకాలు. భద్రమైన చోట కూడా కాంకార్డ్ అనే పోలీసు దళం దెబ్బను ఆపదు. కొట్టినవాడిని తర్వాత దండిస్తుంది, అంతే. కాబట్టి ఎవరి కాపలా వాళ్లే. పక్కనే ఒక జాబితాలో ఆ నక్షత్రం దగ్గర ఇప్పుడు ఎవరెవరున్నారో పేర్లు కనిపిస్తుంటాయి. కొత్త పేరు పడితే ఒళ్లు జాగ్రత్త. దిక్కు చూసి జల్లెడపట్టే స్కానర్ ఉంటుంది, దాన్ని ఊపిరి తీసినంత తరచుగా నొక్కుతూనే ఉండాలి.

మూడో పాఠం పట్టు.

“సంపడం మన పని కాదు. పట్టుకోడమే మన పని. మనోలొచ్చీదాకా ఒగ్గీకు.”

అంతరిక్షంలో పారిపోవడం తేలిక. ఎటో ఒక గ్రహం వైపు ముక్కు తిప్పి వార్ప్ నొక్కితే మనిషి మాయం. ఆ పరుగును ఆపేదే స్క్రాంబ్లర్ అనే పరికరం. అది 8, 9 కిలోమీటర్ల లోపే పనిచేస్తుంది. డిస్‌రప్టర్ అని ఇంకొకటి 20 కిలోమీటర్ల పైదాకా అందుతుంది, కాని పట్టు కొంచెం వదులు. వల అని మరొకటి ఉంది, తగిలినవాడి వేగం సగానికి పడిపోతుంది. ఈ మూడింటిలో ఏ రెండు పెట్టుకున్నా ఎన్నో రెట్లు ఖరీదైన ఓడను కూడా రిఫ్టర్ లాంటి పడవ కట్టిపడెయ్యగలదు. టైటాన్లు, వాటి జాతి మహా ఓడలు తప్ప. ఈ పనికి ఆటలో ట్యాకిల్ అని పేరు. మనకు అంతకంటే మంచి మాట ఎప్పట్నుంచో ఉంది, ఉడుంపట్టు.

మరి పెద్ద ఓడ చిన్నదాన్ని ఒక్క గుండుతో మసి చెయ్యదా? ఇక్కడున్న లెక్క నాకు ఈ ఆటలో అన్నింటికన్నా ఇష్టం. దూరాన రోడ్డు మీద పోయే బస్సును మెడ కదపకుండా చూడవచ్చు. అదే బస్సు మన ముక్కు ముందునుంచి దూసుకుపోతే మెడ తిప్పేలోగా దాటిపోతుంది. పెద్ద ఫిరంగి మెడ అలాంటిదే, బరువైంది, నిదానంగా తిరుగుతుంది. అందుకే చిన్నోడు దూరంగా ఉంటే చస్తాడు, తిన్నగా ఎదురెళ్తే చస్తాడు. అడ్డంగా చుట్టి వచ్చి శత్రువు ఒంటికి 500 మీటర్ల దగ్గర గిరగిరా తిరిగాడంటే గుండ్లన్నీ వెనకే పడుతుంటాయి. భయపడి దూరం జరిగినవాడికే ఇక్కడ ముందు చావు. కొత్తవాళ్లకు ఇది చెప్తే నమ్మరు, ఒకసారి పోవాలి.

నేనూ పోయాను. అల్లుడి జట్టులో అప్పుడు పదిమందికి లోపే ఉన్నారు. ఎవరు ఏ దేశంవాళ్లో తెలియదు. హెడ్‌ఫోన్‌లో జట్టు నాయకుడి గొంతు ఒక్కటే వినపడాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి, అది రివాజు. రెండు నక్షత్రాల అవతల ఒక క్రూయిజర్ ఒంటరిగా ఉందని కబురు. నేను ముందు పోవాలి. నక్షత్రం నుంచి నక్షత్రానికి పోయే దారి తలుపు దాటి అవతల తేలాను. స్కానర్‌లో దాని పేరు. వార్ప్ ఆగింది, 30 కిలోమీటర్ల దూరం. తిన్నగా పోబోయాను.

“అడ్డంగా, మావయ్యా, అడ్డంగా!”

తిప్పాను. పది. తొమ్మిది. ఎనిమిది. స్క్రాంబ్లర్ మీద గుర్తు వెలిగింది. పట్టుకున్నాను.

ఆ క్షణాన నా చెయ్యి వణకడం మొదలైంది. వేళ్లు, మణికట్టు, భుజం దాకా. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బొమ్మ ఓడ, ఊసుపోని రాత్రి అని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియలేదు. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లకు కూడా ఈ వణుకు వస్తుందట. కారణం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. తెర అవతల ఉన్నది యంత్రం కాదు. నాలాగే ఊపిరి బిగబట్టిన ఇంకో మనిషి. అతని ఓడా పోతే పోయినట్టే.

“ఏటలా వణికిపోతన్నావ్? అందరికీ అంతే. ఒగ్గీకు.”

నా రిఫ్టర్ కవచం పోయింది. తర్వాత రేకులు కాలాయి. ఎర్ర గీతలు ఒక్కొక్కటే లోపలికి తరుగుతున్నాయి. నలభై సెకన్లు అయ్యాయేమో. ఒక జీవితకాలం లాగుంది. నా ఓడ పేలిన క్షణంలోనే మావాళ్లు దిగారు, ఇంకొకరి స్క్రాంబ్లర్ అందుకుంది. నా గూటిలోంచి చూస్తుండగా క్రూయిజర్ తెల్లగా విచ్చుకుని ఆరిపోయింది. కింద అక్షరాల పెట్టెలో రెండక్షరాలు పడ్డాయి, జీఎఫ్. గుడ్ ఫైట్ అని. అవి రాసింది మావాళ్లు కాదు, ఓడ పోగొట్టుకున్న ఆ పైలట్. నేనూ అవే రెండక్షరాలు కొట్టాను, తప్పుల్లేకుండా కొట్టడానికి మూడుసార్లు పట్టింది.

* * *

అసకాయ్‌లో చిక్కిన టైటాన్ ఎవరిదన్నానో గుర్తుందిగా, సీఎఫ్‌సీ కూటమిది. ఆ కూటమికి పెద్ద గూన్‌స్వార్మ్. వాళ్ల పుట్టుక తెలిస్తే అసకాయ్ రాత్రి ఇంకోలా కనిపిస్తుంది.

2006 ప్రాంతంలో, ఒక అమెరికన్ హాస్య వెబ్‌సైట్‌లో కబుర్లు చెప్పుకునే కుర్రాళ్లు మందగా ఈ ఆటలోకి వచ్చారు. ఎవరికీ ఏమీ రాదు. ఈ ఆటలో నైపుణ్యాలు గడియారం ప్రకారం పెరుగుతాయి, పెద్ద ఓడ ఎక్కే అర్హత రావాలంటే అప్పట్లో నెలలు, ఏళ్లు ఆగాల్సి వచ్చేది. అప్పటికే పాతుకుపోయిన పెద్ద పెద్ద ముఠాలు వాళ్లను పురుగుల్లా చూశాయి. కుర్రాళ్లు ఆగలేదు. తమకు ఏది ఎక్కే అర్హత ఉందో దాన్నే ఎక్కారు, రిఫ్టర్‌ను. ఒకటి కాదు, వందలు. ఒక్కొక్కడు పోయినా ఫర్లేదు, పట్టుకుని పోవాలి. పోయినవాడు వెంటనే ఇంకొకటి ఎక్కి రావాలి. అప్పటి మేటి కూటమి బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌తో వాళ్ల యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. 2009 ఫిబ్రవరిలో అవతలి పెద్దల్లో ఒకడు ఇటు ఫిరాయించి, లోపలినుంచే ఆ కూటమిని రద్దు చేసిపారేశాడు. పాతవాళ్లకు సొంత పేరు కూడా దక్కలేదు.

ఇంకోవైపు 2004లోనే కొందరు ఈవ్ యూనివర్సిటీ అని ఆటలోనే ఒక బడి పెట్టారు. కొత్తవాళ్లను చేర్చుకుని ఫీజు లేకుండా పాఠాలు చెప్తారు, ఓడలు ఇస్తారు. పాఠం చెప్పేవాళ్లూ ఆటగాళ్లే. ఎవరూ అడగని పని అన్నేళ్లు చెయ్యడం నాకు యుద్ధాలకన్నా గొప్పగా అనిపిస్తుంది.

గూన్‌స్వార్మ్‌కు దూతగా ఉన్న వైల్ రాట్ మాట చెప్పకుండా ముందుకు పోలేను. అసలు పేరు షాన్ స్మిత్. ఆటలో శత్రువులతో కూర్చుని సంధి మాటలాడేవాడు. బయట కూడా అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగి. 2012 సెప్టెంబరు 11న లిబియాలోని బెంగాజీలో దౌత్య కార్యాలయం మీద దాడి జరిగినప్పుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. వయసు 34. ఆ రోజు కూడా ఆట స్నేహితులతో కబుర్లలోనే ఉన్నాడు. మాట మధ్యలో తెగిపోయింది, మళ్లీ రాలేదు. వార్త తెలిశాక ఆటగాళ్లు తమ స్టేషన్ల పేర్లు మార్చి ఆయన పేరు పెట్టారు. అలా మార్చినవాళ్లలో ఆయనతో పోరాడినవాళ్లూ ఉన్నారు.

అసకాయ్ జరిగిన సరిగ్గా ఏడాదికి, 2014 జనవరి 27న, ఇంకా పెద్దది వచ్చింది. ఈసారి మొదలైంది మౌస్ దగ్గర కాదు, బిల్లు దగ్గర. బి-ఆర్5ఆర్‌బి అనే నక్షత్రం దగ్గర ఎన్3 అనే కూటమికి, పాండెమిక్ లీజియన్‌కు స్థావరం ఉంది. ఆ నక్షత్రం మాదేనని చెప్పుకోవాలంటే గడువు తప్పకుండా సొమ్ము కట్టాలి. తనంతట తానే పడాల్సిన ఆ కట్టుబడి ఆ రోజు పడలేదు. హక్కు జారిపోయింది. సీఎఫ్‌సీ, దాని రష్యన్ మిత్రులు చొరబడి స్టేషన్ మీద జెండా ఎగరేశారు. లోపల శత్రువు ఓడలు ఇరుక్కున్నాయి.

21 గంటలు. వచ్చిపోయినవాళ్లు మొత్తం 7,548 మంది. సెకను మళ్లీ పది సెకన్లయింది. జనం నిద్రపోయి లేచి వచ్చి చూస్తే అదే టైటాన్ ఇంకా కాలుతూ ఉంది. ఉద్యోగాలకు పోయినవాళ్లు సాయంత్రం తిరిగివచ్చి అదే ఓడ ఎక్కారు. చివరికి 75 టైటాన్లు పోయాయి, ఓడినవాళ్లవి 59, గెలిచినవాళ్లవి 16. ఆట డబ్బును డాలర్లలోకి మార్చి చూస్తే నష్టం 3 లక్షల డాలర్ల దాకా తేలింది. ఒక్కో టైటాన్ వెనక నెలల తరబడి గనులు తవ్వినవాళ్లు, సామాను మోసినవాళ్లు ఉంటారు. ఆ పోరుకు గుర్తుగా సీసీపీ టైటాన్ల శకలాలను స్మారకంగా అక్కడ నిలిపింది. ఇప్పటికీ వెళ్లి చూడవచ్చు.

ఆ 21 గంటల్లో పెద్ద ఫిరంగులను అందరూ లెక్కపెట్టారు. కదలనివ్వకుండా పట్టుకున్న చిన్న ఓడలు మాటిమాటికీ పేలుతుంటే వాటి చోట ఇంకొకటి, ఇంకొకటి వచ్చి నిలబడ్డ వరస నా కళ్లముందు ఆడుతుంది. మా ఊళ్లో పుట్టినవాడిని, నాకు అలా కనిపించడం సహజం. పాలసముద్రం చిలికినప్పుడు దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు తాడు లాగారు. కొండ కుంగిపోయింది. అందరూ పైన కేకలు వేస్తుంటే కింద వీపు పెట్టి మోసినవాడిని మేము కూర్మనాథుడని కొలుస్తాం.

* * *

అల్లుడు తిరిగివెళ్లే రోజు ఇద్దరం గుడికి వెళ్లాం. పడమటి ముఖంగా ఉండే దేవుడు, రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఆకులు నములుతున్నాయి. వాడు మండపంలో ఒక స్తంభం దగ్గర ఆగి రాతి మీది అక్షరాల మీద వేళ్లు ఆడించాడు. 1281లో నరహరి తీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి శాసనంలో ఉంది. దీపానికి నెయ్యి ఇచ్చినవాళ్లు, ఆవుల్ని ఇచ్చినవాళ్లు, వాళ్ల పేర్లు కూడా ఇలాంటి రాళ్ల మీదే మిగిలాయి.

“రేక్యవిక్‌లో కూడా ఉంది మావయ్యా, ఇలాంటిది” అన్నాడు. 2014 మే 1న అక్కడి ఓడరేవు దగ్గర సీసీపీ ఒక పెద్ద శిల్పం నిలబెట్టింది. దాని పీఠం మీద అప్పటికి ఆట ఆడుతున్నవాళ్ల పేర్లన్నీ చెక్కించారు. టైటాన్లు నడిపినవాళ్లవీ, నిన్నగాక మొన్న చేరి రిఫ్టర్ ఎక్కినవాళ్లవీ ఒకే సైజు అక్షరాల్లో.

వాడు ఆ స్తంభాన్ని ఫొటో తీసుకున్నాడు. శ్వేతపుష్కరిణి గట్టు మీదుగా బస్సు దగ్గరకు నడిచాం. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక తల బయటపెట్టాడు.

“నీకు పది రిఫ్టర్లు కొనుంచినాను మావయ్యా. స్టేషన్లో ఉన్నాయి. పదీ పోయీదాకా నన్నేటీ అడక్కు. పోనాక ఫోన్ సెయ్యి.”

నిన్నటికి ఆరు పోయాయి.